గేటు పడింది సరే, పూచీ ఎవరిది?

(తిరుపతిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

రైలు గేటు దగ్గర ప్రమాదం జరిగిన మరునాడు పేపర్లలో ఒకే మాట కనిపిస్తుంది. 'డ్రైవర్ నిర్లక్ష్యం'. తొందరపడ్డాడు, సెల్‌ఫోన్‌లో ఉన్నాడు, చూసుకోలేదు. ఆ మాటతో కథ ముగుస్తుంది. పోయినవాడు లేచొచ్చి జవాబు చెప్పలేడు కదా! వార్తలు రాసే పనిలో ఉన్నవాళ్లంగా, ఉద్యమంలో తిరిగినవాళ్లంగా ఈ పూట మేము అడగదలచుకున్నది ఒక్కటే: నిర్లక్ష్యం డ్రైవర్ ఒక్కడిదేనా?

చట్టం ఏం చెబుతోందో ముందు చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ప్రకారం కాపలా లేని గేటు దగ్గర డ్రైవర్ బండి ఆపాలి. క్లీనరో కండక్టరో దిగి, పట్టాల దాకా నడిచి వెళ్లి, రెండు వైపులా చూసి బండిని దాటించాలి. తోడు ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. 1989 రైల్వే చట్టం 161వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంగా దాటితే ఏడాది దాకా జైలు. మంచి చట్టాలే, కాదనం. అయితే బాధ్యత మొత్తం దాటేవాడి నెత్తిన పెట్టి, దాటే చోటును ఎట్లా ఉంచాలో అడగకపోతే అది సగం న్యాయమే అవుతుంది.

లెక్క వేసి చూడండి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 28 మీటర్లు ముందుకు వస్తుంది. నాలుగు వందల మీటర్ల దూరంలో మలుపు ఉంటే, రైలు కంటబడిన పద్నాలుగు సెకన్లలో మన మీద ఉంటుంది. దామలచెరువు మండీకి మామిడికాయల లోడుతో పోయే ట్రాక్టర్, గేటు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఆగిపోతే ఆ పద్నాలుగు సెకన్లలో ఏం చేస్తాడు? లోకోపైలట్ చూసి బ్రేకు వేసినా అంత బరువు ఉన్న రైలు అక్కడికక్కడ నిలవదు.

ఇక మాసాయిపేట. 2014 జూలై 24 పొద్దున. మెదక్ జిల్లాలో కాపలా లేని గేటు దగ్గర నాందేడ్ - సికింద్రాబాద్ ప్యాసింజర్ స్కూలు బస్సును గుద్దింది. డజనుకు పైగా పసిపిల్లలు చచ్చిపోయారు. ఇంటి ముందు బస్సెక్కించిన తల్లులు గంట తిరక్కముందే పట్టాల మీద పుస్తకాల సంచులు ఏరుకున్నారు. ఆ తేదీని మనబోటి వాళ్లం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణ రాష్ట్రం జూన్ 2న వచ్చింది. రెండు నెలలు కూడా నిండలేదు. దశాబ్దాల పోరాటం గెలిచింది, కానీ ఊరి పక్కన పట్టాల మీద ఒక గేటు లేదు, ఒక మనిషి లేడు. రాష్ట్రం కావాలని అడిగేవాళ్లం గేటు కూడా అడగాలి. అది వచ్చాక ఇది దానంతటదే వస్తుందని కూచుంటే రాదు.

మాసాయిపేట తర్వాతా దేశం మేలుకోలేదు. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో స్కూలు వ్యాన్‌లో పదమూడు మంది పిల్లలు పోయారు. ఆ తర్వాతే పని ఊపందుకుంది. 2019 జనవరి ఆఖరుకు బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశామని రైల్వే ప్రకటించింది. నిజంగా మంచి పని. మరి 2012లోనే అనిల్ కకోద్కర్ కమిటీ, కాపలా ఉన్నవీ లేనివీ అన్ని గేట్లనూ అయిదేళ్లలో ఎత్తేయాలని, యాభై వేల కోట్లు అవుతుందని చెప్పింది కదా! అప్పుడే కదిలి ఉంటే ఎంతమంది పిల్లలు బడికి పోయి సాయంత్రం ఇంటికి వచ్చేవాళ్లు?

'ఇప్పుడు ప్రతి గేటుకీ మనిషి ఉన్నాడు గదా' అంటారు. మనకు ఎంతో దూరం లేని కడలూరు జిల్లా సెమ్మన్‌కుప్పం చూడండి. 2025 జూలై 8. గేటు ఉంది, గేట్‌మన్ ఉన్నాడు. రైలు స్కూలు వ్యాన్‌ను గుద్ది ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. లేనిది ఇంటర్‌లాకింగ్. అంటే ఏమిటి? గేటు పూర్తిగా పడి తాళం పడితే తప్ప రైలుకు పచ్చ సిగ్నల్ రాని ఏర్పాటు. అది లేనిచోట అంతా ఫోన్ మాట మీదే నడుస్తుంది. స్టేషన్ మాస్టర్ చెప్పాలి, గేట్‌మన్ వినాలి, గేటు వేయాలి, వేశానని చెప్పాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగితే చాలు. ఎండలో వానలో, రాత్రుళ్లు ఒంటరిగా కూచునే ఆ చిన్న ఉద్యోగి మీద వందల ప్రాణాలు పెట్టి, తప్పు జరిగితే అతన్ని సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంటే సరిపోతుందా?

మన సీమలోనే పెనుకొండ ఉంది. 2015 ఆగస్టు 24 తెల్లవారుజామున, అప్పటి అనంతపురం జిల్లాలో, పడివున్న గేటును గ్రానైట్ లారీ బద్దలుకొట్టుకుని పోయి బెంగళూరు - నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌ను గుద్దింది. కర్ణాటక దేవదుర్గ ఎమ్మెల్యే వెంకటేశ్ నాయక్‌తో సహా రైల్లో నిద్రపోతున్నవాళ్లు పోయారు. గేటు మూసే ఉంది. అయినా కొండంత రాయి మోసుకుని అదుపు తప్పి వచ్చే లారీని ఇనుప కడ్డీ ఆపుతుందా? చిత్తూరు, కుప్పం, పలమనేరు వైపు గ్రానైట్ లారీలు ఎట్లా తిరుగుతాయో ఇక్కడున్న మీకు మేము చెప్పక్కర్లేదు. మితిమీరిన లోడును చెక్‌పోస్టులో వదిలేసినవాడికి గేటు దగ్గర జరిగిన చావులో భాగం లేదా?

గేటు తీసేసి కిందనుంచి దారి వేస్తే సమస్య తీరిందా? తిరుపతి వాళ్లం మనకు తెలుసు. 2021 అక్టోబరులో భారీ వాన కురిసిన రాత్రి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయి. స్వామి దర్శనానికి కర్ణాటక నుంచి వచ్చిన కుటుంబం బండి అందులో ఇరుక్కుంది. కొత్తగా పెళ్లయిన యువతి ప్రాణం పోయింది. రైలు గుద్దలేదు. రైలు కోసం తవ్విన గుంత మింగింది. నీళ్లు పోయే దారి, పంపు, లోతు చూపే గుర్తు, వానరాత్రి అడ్డుకట్ట వేసే ఒక మనిషి లేకుండా తవ్విన అండర్‌బ్రిడ్జి, చావును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. తిరుపతి - పాకాల - కాట్పాడి లైను, 104 కిలోమీటర్లు, రెండో లైను వేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్లతో ఆమోదం తెలిపింది. యాత్రికులకు, వేలూరు ఆసుపత్రికి పోయే మన రోగులకు మేలే. సంతోషం. కానీ రెండు లైన్లంటే రైళ్లు పెరుగుతాయి. ఒక రైలు పోయింది గదా అని దాటబోతే రెండోది ఎదురుగా వస్తుంది. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, చిత్తూరు ప్రజలు అడగాల్సిన సమయం ఇదే. లైను పడ్డాక అడిగితే 'ఎస్టిమేట్‌లో లేదు' అంటారు.

ఏం అడగాలి? రైల్వే వాళ్లకు ఒక కొలత ఉంది. దాన్ని టీవీయూ అంటారు. ఒక రోజులో పోయే రైళ్లను, దాటే బండ్లతో గుణిస్తే వచ్చే అంకె. ఏ గేటుకు ఇంటర్‌లాకింగ్ పెట్టాలి, ఎక్కడ వంతెన కట్టాలి అన్నది దీనిమీదే తేలుస్తారు. సెమ్మన్‌కుప్పం తర్వాత ఇంటర్‌లాకింగ్‌కు హద్దును ఇరవై వేల నుంచి పది వేలకు దించారు. అంటే ఈ అంకె మన పిల్లల ప్రాణాలకు కట్టిన వెల. దాన్ని మనమూ లెక్కపెట్టొచ్చు. విద్యార్థి మిత్రులారా, మీ ఊరి గేటు దగ్గర నలుగురు వంతులేసుకుని ఒక రోజంతా, ఇరవై నాలుగు గంటలు కూచోండి. నోటుపుస్తకంలో రాయండి. ఆ లెక్కతో గుంతకల్లు డివిజన్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మా గేటు అంకె ఎంత? ఇంటర్‌లాకింగ్ ఉందా? కొత్త లైనులో ఇక్కడ వంతెనా, అండర్‌బ్రిడ్జా, ఏమీ లేదా?

ఉద్యోగ మిత్రులారా, ఫైలు ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు. వంతెన ఖర్చు రైల్వేది సగం, రాష్ట్రానిది సగం అన్నది చాలాకాలం నడిచిన పద్ధతి. పట్టాల మీద ముక్క రైల్వే కడుతుంది, రెండు పక్కలా దారి రాష్ట్రం వేయాలి. భూసేకరణ ఆగితే వంతెన గాల్లో నిలబడిపోతుంది. 'వాళ్లివ్వలేదు' అని వీళ్లు, 'వీళ్లడగలేదు' అని వాళ్లు. మధ్యలో గేటు దగ్గర మనం. ఆ కాగితాన్ని కదిలించే పని మీది.

మనం రైల్‌రోకోలు చేసినవాళ్లం. రోకో రోజు ముందు స్టేషన్‌లోనే రైలు ఆపేస్తారు, వెయ్యిమంది కూచున్నారని తెలుసు కాబట్టి. మామూలు రోజున ఒక తల్లి, ఒక ట్రాక్టర్, ఒక బడి బస్సు దాటుతుంటే ఆపడానికి ఎవరికీ కబురు ఉండదు. ఆ ఒక్కరి కోసం కూడా వెయ్యిమంది ఉన్నారని తెలియజేయడమే ఇప్పుడు మన పని. వచ్చే ఆదివారం నోటుపుస్తకాలతో గేట్ల దగ్గర కలుద్దాం.