రక్షణ, పర్యావరణం: ఒకే ప్లానులో

 

మిలిటరీ పోలీసు దళానికి కార్యాలయం ఎలా కట్టాలన్నది ఈరోజు విషయం. మన సైన్యంలోని కోర్ ఆఫ్ మిలిటరీ పోలీస్, నెదర్లాండ్స్‌లోని మారెషోసే, ఇటలీలోని కరబినియేరి ఈ కోవకు చెందినవే. ఇలాంటి దళం ఆఫీసులో ఫైళ్లు చూసే గుమాస్తా ఉంటాడు, ఫిర్యాదుతో వచ్చిన మనిషి ఉంటాడు, లాకప్‌లో నిందితుడూ ఉంటాడు. ఆయుధాల గది, సాక్ష్యాలు భద్రపరిచే గది, రాత్రింబవళ్లు నడిచే కంట్రోల్ రూము అన్నీ ఒకే కప్పు కిందికి రావాలి.

ఇంత చిక్కైన పనిలో మనం భద్రతా నిపుణుడితో ఒకసారి, గ్రీన్ బిల్డింగ్ కన్సల్టెంటుతో మరోసారి విడివిడిగా మాట్లాడతాం. ఒకరు గోడ మందం పెంచమంటారు, మరొకరు కిటికీ వెడల్పు పెంచమంటారు. చివరికి రెండూ అరకొరగానే మిగులుతాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మొదటి గీత గీసేటప్పుడే ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే, చాలాచోట్ల ఒక్క ఖర్చు రెండు పనులూ చేస్తుంది.

స్థలంతో మొదలుపెడదాం. 2003 నవంబరు 12న ఇరాక్‌లోని నసిరియాలో కరబినియేరి స్థావరం మీద ట్రక్కు బాంబు దాడి జరిగింది. 19 మంది ఇటాలియన్లు చనిపోయారు, వారిలో 12 మంది కరబినియేరి సిబ్బంది. స్థానిక ఇరాకీలు కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆ స్థావరం అంతకుముందు వాణిజ్య మండలి భవనం. వేరే అవసరానికి కట్టిన కట్టడంలో దళం మకాం పెట్టింది. పేలుడు నుంచి కాపాడే మొదటి సాధనం దూరం. కాంక్రీటు దాని తరవాతే. దూరాన్ని రెట్టింపు చేస్తే, ఎనిమిది రెట్ల మందున్న బాంబు కూడా మునుపటంత పీడనాన్నే తెస్తుంది.

ఆ దూరం కోసం వదిలిన జాగాను సిమెంటుతో కప్పేస్తే ఎండాకాలంలో ఆ వేడంతా భవనానికే తగులుతుంది. 2018లో లండన్ నైన్ ఎల్మ్స్‌లో తెరిచిన అమెరికా రాయబార కార్యాలయాన్ని చూడండి. కీరన్‌టింబర్‌లేక్ సంస్థ అక్కడ ఎత్తైన ప్రహరీకి బదులు చెరువు, మట్టి దిబ్బలు, తోట పెట్టింది. ఆ చెరువు వాహనాన్ని ఆపుతుంది, వాననీటినీ పట్టి ఉంచుతుంది. మనం చెట్లు పెట్టినా కొమ్మలు మనిషి ఎత్తుకు పైనే మొదలవ్వాలి. దట్టమైన పొదలు కాపలా కంటికి అడ్డం.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. గోల్కొండలో బాలా హిస్సార్ ద్వారం ముందు అడ్డుగోడ ఉంది. ఏనుగులు పరుగున వచ్చి తలుపును గుద్దకుండా కట్టిన గోడ అది. నేటి గేటు దారికి కూడా అలాంటి మలుపే కావాలి, లారీ వేగం అక్కడే చచ్చిపోతుంది. ఆ కోటలోనే నీటిని చక్రాలతో, మట్టి గొట్టాలతో మెట్టమెట్టకూ పైకి ఎక్కించారు. ముట్టడిని తట్టుకోవాలంటే నీళ్లు సొంతంగా ఉండాలి. ఇప్పుడు నీళ్లతో పాటు కరెంటూ సొంతంగా ఉండాలి. పైకప్పు మీద సోలార్ పలకలు, బ్యాటరీలు, వాననీటి ట్యాంకులు బిల్లు తగ్గిస్తాయి. గ్రిడ్ పోయినప్పుడు, డీజిల్ బండి రాలేనప్పుడు కంట్రోల్ రూమును నిలబెడతాయి.

లోపల గదుల అమరిక మరింత ముఖ్యం. సందర్శకుల భాగం, పగటి ఆఫీసు, ఇరవైనాలుగు గంటల భాగం అని మూడు వరుసలుగా విడదీయండి. ఒక్కో వరుసకు ఒక్కో తలుపు, ఒక్కో ఏసీ వ్యవస్థ పెట్టండి. భద్రత కోసం గీసిన ఆ హద్దే రాత్రిపూట కరెంటును ఆదా చేస్తుంది. కంట్రోల్ రూము కోసం భవనమంతా చల్లబరచాల్సిన పని ఉండదు.

ఈ రెండు అవసరాలూ ఢీకొనే చోట్లూ ఉన్నాయి. వాటిలో పెద్దది అద్దం. పేలుడులో ఎగిరిపడే గాజు ముక్కలు చాలామందిని గాయపరుస్తాయి. మధ్యలో పొర ఉన్న లామినేటెడ్ గాజు పగిలినా ఆ పొరకే అంటుకుని ఉంటుంది, కాకపోతే ఖరీదెక్కువ. అందుకే వీధి వైపు చిన్న కిటికీలు, లోపల మండువా వైపు పెద్దవి పెట్టమంటాను. వెలుతురు మండువా నుంచి వస్తుంది, పడమటి ఎండ లోపలికి రాదు. హైదరాబాదులోని సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ నడిమి ముంగిలితో, జాలీ గోడలతో ఈ పద్ధతి మన ఎండలో పనిచేస్తుందని రెండు దశాబ్దాల కిందటే చూపించింది. బయటి గాలి పీల్చే గొట్టాల నోళ్లు మాత్రం నేలమట్టంలో వద్దు. ఎవరి చేతికీ అందనంత ఎత్తులో ఉండాలి.

చివరిగా మనుషుల గురించి. 2021 మేలో బెంగళూరులోని మిలిటరీ పోలీసు శిక్షణ కేంద్రం నుంచి 83 మంది మహిళా సైనికుల తొలి బృందం బయటికి వచ్చింది. మగవాళ్లనే ఊహించుకుని గీసిన పాత ప్లాన్లు ఇక పనికిరావు. మహిళలకు విశ్రాంతి గదులు, దుస్తులు మార్చుకునే గదులు మొదటి డ్రాయింగులోనే ఉండాలి. లాకప్ గదికి కూడా పగటి వెలుతురు అందాలి. నిందితుడూ మనిషే.

మిత్రులారా, మీ చేతికి ఇలాంటి పని వస్తే తొలి సమావేశానికే గేటు దగ్గర నిలబడే జవానును, కంట్రోల్ రూము ఆపరేటరును, జనరేటరు చూసే ఎలక్ట్రీషియనును పిలవండి. భద్రతా నిపుణుణ్ని, గ్రీన్ కన్సల్టెంటును వాళ్ల పక్కనే ఒకే బల్ల ముందు కూర్చోబెట్టండి. ప్లాను ఖరారయ్యాక పిలిస్తే వాళ్లు చెప్పేది వినడానికి మీకు ఇష్టం ఉన్నా మార్చడానికి వీలుండదు.