జాబితాకెక్కని పేర్లు



ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో కొందరు గ్రూప్స్ పరీక్షలకు తయారవుతున్నారు. కొందరు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో చేరబోతున్నారు. ఇరువర్గాలకూ అవసరమయ్యే సంగతి ఒకటి చెప్పాలని వచ్చాను.

బడ్జెట్‌కు ఆమోదం దొరక్క 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు అమెరికా ప్రభుత్వం మూతపడింది. లక్షల మంది ఉద్యోగులకు జీతాలు ఆగాయి. ఆహార సాయం మీద ఆధారపడిన సుమారు 4 కోట్ల 20 లక్షల మందికి నవంబరు సొమ్ము అందుతుందో లేదో తెలియలేదు. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులకు ఆగిన జీతం తరువాత ఇచ్చి తీరాలని 2019లో చట్టం చేశారు. ప్రభుత్వ భవనాల్లో కాంట్రాక్టు మీద ఊడ్చి తుడిచేవాళ్ళకు ఆ చట్టం వర్తించదు.

మన దేశంలో బడ్జెట్ ఆమోదం ఆలస్యమైతే ఓట్ ఆన్ అకౌంట్‌తో పని నడుస్తుంది. అలాగని నిశ్చింతగా ఉండటానికి లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక, నెలాఖరుకు తెలంగాణ ప్రభుత్వం జీతాల్లో కోత ప్రకటించింది. ఉద్యోగులకు సగం, అటెండర్లకు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు 10 శాతం. పెన్షన్లలోనూ సగం ఆపారు. ఏ చట్టం ప్రకారం ఆపారని హైకోర్టు అడిగితే జూన్‌లో ఆర్డినెన్స్ వచ్చింది. ఆపిన సొమ్ము తరువాత వాయిదాల్లో చెల్లించారు. ఈఎంఐలు కట్టేవాళ్ళు, పెన్షన్ మీదే మందులు కొనుక్కునే పెద్దవాళ్ళు ఆ నెలల్లో పడ్డ బాధ చిన్నది కాదు. కానీ వాళ్ళ పేరు రికార్డులో ఉంది కాబట్టి బకాయి వచ్చింది.

ఆ లాక్‌డౌన్‌లోనే రేషన్ కార్డున్న ఇంటికి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ప్రకటించారు. పొరుగు రాష్ట్రాల కూలీలకు 12 కిలోల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు. అది మంచి నిర్ణయమే. అయినా లెక్క వేసి చూడండి. ఇటుకలు మోసే మనిషికి రోజుకు అరకిలోకు పైగా గింజలు కావాలి. 12 కిలోలు మూడు వారాలు వస్తాయి. పప్పు, నూనె, ఉప్పు, చిన్న సిలిండర్‌లో గ్యాస్, ఊళ్ళో అమ్మతో మాట్లాడే ఫోన్ రీఛార్జి, అన్నీ ఆ 500లోనే. పటాన్‌చెరు దగ్గరి ఇస్నాపూర్‌లో రేకుల గదికి అద్దె ఎక్కణ్ణుంచి తేవాలి? అసలు ఆ 12 కిలోలు అందాలన్నా ముందు జాబితాలో పేరుండాలి.

ఆ ఏప్రిల్ 29న మన సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు జీతం ఇవ్వాలని, ఇళ్ళకు పంపాలని రోడ్డెక్కారు. పోలీసు వాహనం మీద రాళ్ళు పడ్డాయి. ఆ తప్పును నేను సమర్థించను, వాళ్ళ ఆకలిని తప్పుపట్టను. రెండు రోజులకు, మే డే నాడు తెల్లవారుజామున, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1200 మందితో రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో దేశంలో నడిచిన మొదటి శ్రామిక్ రైలు అదే. కదిలించింది మన సంగారెడ్డి కూలీలు.

లాక్‌డౌన్ కాలానికి పూర్తి జీతం ఇవ్వాలని కేంద్ర హోంశాఖ మార్చి 29న ఆదేశించింది. మేలో ఆ ఆదేశం రద్దయింది. యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోవాలని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. హటియా చేరిన కూలీ ఎవరితో మాట్లాడుకోవాలి? ఏ మేస్త్రీ కింద ఎన్ని రోజులు చేశాడో చూపే కాగితం అతని చేతిలో ఉంటేనే కదా! వలస కూలీకి కాంట్రాక్టరు పాస్‌బుక్ ఇవ్వాలని అప్పుడు అమల్లో ఉన్న 1979 చట్టంలోనే ఉండేది. ఆ పుస్తకాలు అందరి చేతుల్లో ఉండి ఉంటే, ఎవరికి బియ్యం పంపాలి, ఎవరికి ఎంత బాకీ అన్నది ఒక్కరోజులో తేలేది.

రేపు మీరు తహసీల్దారు ఆఫీసులో కూర్చున్నా, ఫ్యాక్టరీలో హెచ్ఆర్‌లో చేరినా, మీ బల్ల మీదికి ఒక రిజిస్టర్ వస్తుంది. కాంట్రాక్టరు రాసిచ్చిన పేర్లు చూసి సంతకం పెట్టి పంపకండి. చేరిన మొదటి వారంలోనే షెడ్డులోకి వెళ్ళండి, పనిచేస్తున్న మనుషులను లెక్కపెట్టండి, పేర్లు అడగండి. పుస్తకంలో లేని మనిషి కనిపిస్తే ఆ రోజే అతని పేరు రాయించండి.