కారుకు బయటి టర్బో బిగించాక తలెత్తే చిక్కులు

టర్బోఛార్జర్ నాలుగు దారుల కూడలిలో కూర్చుంటుంది. ఇంజన్ వదిలే పొగ ఒక దారిన వచ్చి టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని లాగి, వత్తి, మరో దారిన ఇంజన్‌లోకి తోస్తుంది. ఇరుసు తేలుతూ తిరగడానికి కావలసిన ఆయిల్ సన్నని గొట్టంలో వచ్చి, లావు గొట్టంలో కిందికి దిగిపోతుంది. ఒత్తిడి ఎక్కడ ఆగాలో చెప్పే యాక్చుయేటర్‌ది నాలుగో దారి. చాలా పెట్రోలు కార్లలో వీటికి తోడు నీళ్ళ గొట్టాలు కూడా ఉంటాయి. చిన్న డీజిల్ కారు టర్బోలో ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరుగుతుంది కనుక, ఏ దారిలో చిన్న తేడా వచ్చినా అది వెంటనే బయటపడుతుంది, నింద టర్బో మీద పడుతుంది. కొత్తది బిగించిన వారానికే పొగ కనిపిస్తే ‘సరుకు నాసిరకం’ అన్న మాటే షెడ్‌లో ముందు వినిపిస్తుంది. నాసిరకం సరుకు బజారులో లేదని కాదు. కానీ విప్పి చూస్తే దోషం ఎక్కువసార్లు టర్బోలో కాక, దాన్ని ఇంజన్‌తో కలిపిన చోట దొరుకుతుంది.

మన దేశంలో ఈ చిక్కులు అర్థం చేసుకోవడానికి ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1248 సీసీ ఇంజన్. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, ఇలా వేర్వేరు కంపెనీల బళ్ళలో ఒకే గుండె. 2020లో బీఎస్-6 నిబంధన వచ్చేసరికి మారుతి దీన్ని ఆపేసినా, బళ్ళు రోడ్ల మీదే ఉన్నాయి. పాత టర్బో అరిగాక కంపెనీ పార్టు ధర విని బయటి టర్బో వైపు చూసేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. ఈ ఇంజన్ 75 హార్స్‌పవర్ రకంలో మామూలు టర్బో, 90 హార్స్‌పవర్ రకంలో లోపలి రెక్కలు కదిలే టర్బో ఉంటాయి. షాపులో ‘1.3 డీజిల్ టర్బో’ అని అడిగితే ఏది చేతికొస్తుందో చెప్పలేం. పాత టర్బో మీద రేకు పలకపై ఉన్న నంబరు చూపించి తీసుకోవాలి. తెచ్చాక పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి ఫ్లాంజి కన్నాలు, ఆయిల్ రంధ్రాలు, గాలి బయటికి వెళ్ళే మూతి ఏ వైపు తిరిగి ఉందో పోల్చాలి. పది నిమిషాల ఈ పని మానేస్తే రెండు రోజుల పని పెరుగుతుంది.

అసలు టర్బోనే లేని పెట్రోలు కారుకు కిట్ తెచ్చి బిగించడం వేరే సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన మూల లక్షణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే అన్వయించింది. బీమా విషయంలోనూ పేచీ వస్తుంది. రేసు ట్రాక్ మీద నడిపే బండికి ఈ గొడవ లేదు. కింద చెప్పే సంగతులు మాత్రం పాత టర్బో మార్చిన బండికీ, కిట్ బిగించిన బండికీ వర్తిస్తాయి.

టర్బో తన చోట కూర్చోకపోవడం అన్నిటికంటే కళ్ళకు కనిపించే చిక్కు. స్టడ్లు ఎక్కుతాయి, కింది పైపు మాత్రం అర అంగుళం పక్కకు ఉంటుంది. పైపుకు రాడ్డు పెట్టి వంచి బోల్టు ఎక్కించడం మన షెడ్లలో మామూలే. ఆ వంపు బలమంతా టర్బైన్ పోత ఇనుము మీదే నిలుస్తుంది. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లోహం సాగుతూ ముడుచుకుంటూ కొన్ని వారాల్లో మెడ దగ్గర పగులుతుంది. సరైన పద్ధతి ఒకటే. మేనిఫోల్డ్, టర్బో, కింది పైపు, ఊత బ్రాకెట్, అన్నిటి బోల్టులూ ముందు చేతితో వదులుగా ఎక్కించి, ఏదీ లాగకుండా కూర్చుందని చూశాకే వరసగా బిగించాలి. అలా కూర్చోకపోతే పైపును కోసి మళ్ళీ వెల్డింగ్ చేయించాలి తప్ప బలవంతం చేయకూడదు.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు వేలు పట్టే సందు ఉంటే చాలనుకోవడం ఇంకో పొరపాటు. ఇంజన్ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు టర్బో వెళ్ళి రేడియేటర్ ఫ్యానుకో, వైరింగ్ కట్టకో, బ్రేకు గొట్టానికో తగులుతుంది. బోనెట్ లోపలి వైపు మెత్తని మైనం ముద్దలు అతికించి, ఇంజన్ చల్లగా ఉండగానే మూసి తెరిస్తే పైన సందు ఎంతో తెలుస్తుంది. పక్కల సంగతి మెరిసే రాపిడి గుర్తులు చెబుతాయి. గట్టిగా నడిపిన డీజిల్‌లో పొగ వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, పెట్రోలులో 900 దాటుతుంది. అందుకే పాత టర్బోకు ఉన్న రేకు కవచాన్ని ‘అడ్డంగా ఉంది’ అని పక్కన పడేయడం క్షమించరాని పని. కారే ఆయిల్ చుక్క ఒక్కటి ఆ వేడికి తగిలితే మంట పుట్టవచ్చు.

పొగ వైపు లీకు చెవికి దొరుకుతుంది. ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గిపోతే ఫ్లాంజి దగ్గర ప్యాకింగ్ సరిగా కూర్చోలేదని అర్థం. వేడికి లోహం సాగి ఆ సందు మూసుకుంటుంది, అంతే. సందు పక్కన నల్లటి మసి చార కూడా ఉంటుంది. టర్బైన్‌కు చేరకముందే పొగ తప్పించుకుంటే చక్రం ఆలస్యంగా తిరుగుతుంది, పికప్ ఆలస్యమవుతుంది. ఫ్లాంజి మీద స్కేలు నిలబెట్టి వెలుగు దూరుతోందో లేదో చూడాలి. దూరితే చదును చేయించాలి. రెండు ప్యాకింగులు వేసి బిగించడం మందు కాదు.

ఇక ఆయిల్. బయటి టర్బో విషయంలో జరిగే నష్టంలో పెద్ద భాగం ఇక్కడే. ఆయిల్ లోపలికి పంపు ఒత్తిడితో వస్తుంది, బయటికి మాత్రం దాని బరువుతో అదే దిగాలి. దిగేటప్పుడు అది గాలి కలిసి నురగగా మారి ఉంటుంది. టర్బో ఇరుసుకు రబ్బరు సీలు ఉండదు. పిస్టన్ రింగులాంటి సన్నని ఇనుప రింగులే రెండు వైపులా ఆయిల్‌ను ఆపుతాయి. కిందికి దిగే దారి ఖాళీగా ఉన్నంతసేపే అవి ఆపగలవు. దారి మూసుకుంటే మధ్య గది నిండి, ఆయిల్ ఒక పక్క సైలెన్సర్‌లోకి, ఇంకో పక్క ఇంటర్‌కూలర్‌లోకి పొంగుతుంది. నీలి పొగ వస్తుంది. యజమాని ‘సీలు పోయింది’ అంటాడు. మెకానిక్ ఇంకో టర్బో తెప్పిస్తాడు. అదీ అలాగే పొగ వదులుతుంది.

ఆయిల్ దిగే గొట్టం నిటారు నుంచి 35 డిగ్రీలకు మించి వాలకూడదని గారెట్ కంపెనీ సూచన. పోటీ బళ్ళకు టర్బో మూతి దిశ మార్చాలని హౌసింగ్ తిప్పేటప్పుడు చాలామంది మధ్య భాగాన్నీ తిప్పేసి ఈ కోణం దాటిపోతారు. గొట్టం లోపలి వ్యాసం అర అంగుళానికి తగ్గకూడదు. ఎక్కడా మడత, ఎక్కడా పల్లం ఉండకూడదు. కొత్త ప్యాకింగు కన్నం టర్బో కన్నం కంటే చిన్నదైతే అదే అడ్డంకి. గొట్టం చివర ఆయిల్ చాంబర్‌లో నూనె మట్టానికి పైన కలవాలి. డిప్‌స్టిక్ గీత దాటి ఆయిల్ పోసిన బండిలో అది మునిగిపోతుంది. ఇవన్నీ సరిగా ఉన్నా పొగ ఆగకపోతే ఇంజన్ లోపలి ఒత్తిడి చూడాలి. రింగులు అరిగిన ఇంజన్‌లో, లేదా బ్రీదర్ గొట్టం మూసుకున్న ఇంజన్‌లో కింది నుంచి వచ్చే గాలి ఆయిల్‌ను దిగనివ్వదు. నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత తీస్తే గాలి గట్టిగా తన్నుతోందంటే రోగం టర్బోది కాదు.

ఆయిల్ వచ్చే సన్నని గొట్టానిది ఇంకో కథ. ప్యాకింగుకు గమ్ము దట్టంగా రాయడం మన మెకానిక్‌లకు భరోసా. పిండినట్టు లోపలికి జారిన గమ్ము ముక్క ఆ గొట్టాన్ని మూయడానికి చాలు. టెఫ్లాన్ టేపు పీలికలూ అంతే. పాత టర్బో విరిగి పోయిన బండిలో ఇనుప రజను ఆయిల్‌లో మిగిలి ఉంటుంది. ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాలి, ఆయిల్ గొట్టం కొత్తది వేయాలి. బోల్టు లోపల జల్లెడ ఉండే ఇంజన్లలో దాన్నీ తీసి చూడాలి. బిగించాక స్టార్ట్ చేసే ముందు పై కన్నంలో శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని వేలితో నాలుగు చుట్లు తిప్పాలి. తరవాత ఇంజెక్టర్ ప్లగ్గులు తీసి, ఇంజన్ అందుకోకుండా కాస్త ఆగుతూ సెల్ఫ్ కొట్టి ఆయిల్‌ను పైకి రప్పించాలి. పొడిగా తిరిగిన కొద్ది సెకన్లే బేరింగు పాడవడానికి చాలు.

పాత టర్బో కక్కిన ఆయిల్ ఇంటర్‌కూలర్‌లో నిలిచి ఉంటుందన్నది చాలామంది మరిచే సంగతి. దాన్ని కడగకుండా వదిలితే కొత్త టర్బో ఏ తప్పూ లేకుండానే కొన్ని రోజులు నీలి పొగ వదులుతుంది. డీజిల్‌లో ప్రమాదం ఇంకా పెద్దది. ఆ ఆయిల్ ఒక్కసారిగా ఇంజన్‌లోకి వెళితే ఇంజన్ దాన్నే ఇంధనంగా తాగి అదుపు తప్పి పరిగెడుతుంది, తాళం తీసినా ఆగదు. ఆపాలంటే గాలి పీల్చే మూతిని చెక్క పలకతో మూయాలి, చెయ్యి మాత్రం అడ్డం పెట్టకూడదు. గేరు బండైతే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలితే ఆగుతుంది.

గాలి వైపు లీకు పంక్చర్ షాపు పద్ధతిలోనే దొరుకుతుంది. ఇంజన్ ఆపి, టర్బో పీల్చే మూతికి బిగువైన అడాప్టర్ బిగించి, తక్కువ ఒత్తిడి గాలి పంపి, కీళ్ళ మీద సబ్బు నీళ్ళు చల్లితే బుడగ చూపిస్తుంది. ఆ అడాప్టర్ ఎగిరి తగలకుండా పక్కకు నిలబడాలి. ఓస్ పైపు మాటిమాటికీ ఊడుతుంటే క్లిప్పును ఇంకా బిగించడం కాదు, పైపు కొసను చూడాలి. గడ్డలాంటి అంచు లేని నున్నటి గొట్టం మీద, ఆయిల్ జిడ్డు ఉండగా, ఏ క్లిప్పూ నిలవదు. బోల్టు రకం క్లాంపు మేలు. స్క్రూ రకం సిలికాన్ ఓస్‌ను కోస్తుంది. పీల్చే వైపు మెత్తని ఓస్ వేస్తే శూన్యానికి లోపలికి కుంగుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకున్నా ఆ శూన్యమే కంప్రెసర్ వైపు ఆయిల్‌ను లాగుతుంది. లీకు ఉన్న డీజిల్‌లో పికప్ చచ్చి నల్ల పొగ వస్తుంది, స్కానర్‌లో పీ0299 అన్న కోడ్ కనిపిస్తుంది.

అదే కోడ్ యాక్చుయేటర్ వల్లా వస్తుంది. కంప్రెసర్ హౌసింగ్ తిప్పినప్పుడు దాని బ్రాకెట్ కూడా జరుగుతుంది, కడ్డీ పొడవు మారుతుంది. కడ్డీ పొట్టిగా బిగిస్తే, ఎక్కువైన పొగను టర్బైన్ పక్కనుంచి వదిలే తలుపు గట్టిగా మూసుకుని ఒత్తిడి హద్దు దాటుతుంది, పీ0234 వస్తుంది. పొడవైతే తలుపు ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంటుంది. కొలత లేకుండా కంటి అంచనాతో దీన్ని సరిచేయడం కుదరదు. చేతిపంపుకు గేజి తగిలించి, కంపెనీ చెప్పిన ఒత్తిడి దగ్గరే కడ్డీ కదలడం మొదలయ్యేలా నట్టు తిప్పాలి. రెక్కలు కదిలే రకంలో హద్దు స్క్రూను మాత్రం తాకకూడదు. దాన్ని గాలి కొలిచే యంత్రం మీదే సరిచేస్తారు. వాక్యూమ్ గొట్టాలు అటూఇటూ మారిపోయాయేమో చూడటం అంతకంటే ముందు పని.

ఇన్ని చూశాకా పొగో, టర్బో నుంచి సైరను లాంటి కీచు చప్పుడో ఆగకపోతే, అప్పుడు టర్బోను అనుమానించాలి. ఇంజన్ చల్లగా ఉండగా ఇన్లెట్ ఓస్ తీసి ఇరుసు పట్టి చూడాలి. పక్కలకు కొద్దిగా ఊగడం సహజం, అక్కడ ఆయిల్ పొరకు చోటు ఉంటుంది. ముందుకు వెనక్కి కదలిక చేతికి తెలిసేంత ఉండకూడదు. రెక్క గోడకు రాసిన గీత కనిపిస్తే ఆ టర్బో తిరిగి వెళ్ళాల్సిందే. అలా పంపేటప్పుడు దిగే గొట్టం, ప్యాకింగులు, తీసిన ఆయిల్ కూడా భద్రపరచాలి, వారంటీ గొడవలో అవే సాక్ష్యం. బాగున్న బండినైనా కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక చల్లటి ఇంజన్ మీద పొగ వైపు నట్లన్నీ టార్క్ రెంచితో మరోసారి చూడాలి, చుక్క పడుతుందేమో తెలియడానికి దిగే గొట్టం కింద తెల్లటి అట్ట ముక్క ఒక రాత్రి పరిచి ఉంచాలి.