చేతులు మొరాయిస్తే మనసు సంగతి
(సోలాపూర్ మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కీళ్ళవాతం గురించి మాట్లాడమన్నారు. మందుల సంగతి మీ డాక్టరు చెబుతారు. నేను మనసు సంగతి ఎత్తుకుంటాను, ఎందుకంటే దాన్ని ఓపీ చీటీలో ఎవరూ రాయరు.

మన సోలాపూర్ తూర్పు పేటల్లో ఇల్లిల్లూ చేతుల మీదే నడిచింది. మగవాళ్ళు సాంచాల మీద చద్దర్లు, టవళ్ళు నేస్తే ఆడవాళ్ళు కండెలు చుట్టారు, బీడీలు చుట్టారు. అలాంటి ఇంట్లో వేళ్ళు బిగుసుకుంటే కూలితోపాటు ఇంకొకటి కూడా పోతుంది. తెగిన పోగును చూడకుండానే అతికిన మనిషికి జాకెట్టు హుక్కు పెట్టుకోరాకపోతే "ఇంకెందుకు నేను" అనిపిస్తుంది. ఆ మాట పైకి అనదు. కోడలి మీద అరుస్తుంది, పెళ్ళిళ్ళకు రానంటుంది. ఇంట్లోవాళ్ళు గయ్యాళితనం అనుకుంటారు.

వయసుతో మోకాలు అరగడం వేరు, రుమటాయిడ్ అనే కీళ్ళవాతం వేరు. ఇందులో మన ఒంటిని కాపాడాల్సిన శక్తే మన కీళ్ళ మీద పడుతుంది. ముప్పై, నలభై ఏళ్ళకే రావచ్చు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పొద్దుగాల లేవగానే గంటసేపు, కొందరికి ఇంకా ఎక్కువసేపు, పిడికిలి పట్టరాదు. పదకొండింటికి అదే మనిషి మామూలుగా తిరుగుతుంది. అందుకే "పని వేళకే వస్తుందే నొప్పి!" అని ఎత్తిపొడుస్తారు. నటన కాదమ్మా, ఆ జబ్బు తీరే అంత. అత్తగారయినా ఆడబిడ్డయినా ఈ ఒక్క ముక్క తెలుసుకుంటే సగం ఏడుపు తగ్గుతుంది.

నొప్పికి నిద్ర పట్టదు, నిద్ర లేక నొప్పి పెరుగుతుంది, రెండూ కలిసి మనసును కుంగదీస్తాయి. రెండు వారాలుగా దేని మీదా ధ్యాస లేక, తిండి సయించక, ఊరికే కన్నీళ్ళొస్తుంటే కీళ్ళ డాక్టరుకే చెప్పండి, దానికీ చికిత్స ఉంది. స్టెరాయిడ్ మాత్రలు కొందరికి నిద్రనూ మనసునూ చెదరగొడతాయి. అలాగని సొంతంగా ఆపేయకండి. ఇంకోటి, సందర్భం కాకపోయినా చెప్పాలి: కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ ఇస్తే అది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

డాక్టరు దగ్గర నోరు రాకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ. డబ్బు అక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, మరాఠీతోపాటు తెలుగూ ఉంది.

ఇక ఇంట్లోవాళ్ళకు. ప్రేమతోనే అయినా "నువ్వు కూసో అత్తమ్మా" అని పనులన్నీ లాక్కోకండి. చేతులు సాగే వేళకు ఆమె చేయగలిగింది ఆమెకే వదలండి. రంగుల జత ఆమెనే అడగండి. కొత్త పిల్లలకు పోగు అతకడం నోటితో నేర్పనివ్వండి. నొప్పి పెరిగిన రోజు మాత్రం బలవంతం వద్దు.

నారళీ పున్నమికి మార్కండేయ రథం వెంట నడవలేనని ఇంట్లోనే ఉండిపోయే అక్కలు ప్రతి వాడలో ఉన్నారు. రథం వెళ్ళే దారిలో తెలిసినవాళ్ళ గుమ్మం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కుర్చీ కాస్త ఎత్తుది చూసి వేయండి, లేవడానికి తేలికవుతుంది.