నీళ్ళు అందరివీ, పోటీ మగవాళ్ళదీ

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలు, ఉపాధి అనే విషయానికి నేను ఎంచుకున్న ఉదాహరణ మీకు వింతగా తోచవచ్చు. అమెరికాలో బాస్ అనే చేపను గాలంతో పట్టే పోటీలున్నాయి. (మనకు తెలిసిన బాస్ ఆఫీసులో ఉంటాడు. ఈ చేపకు కూడా నోరు పెద్దదే.) ఆ పోటీలే వృత్తిగా బతికేవాళ్ళున్నారు. కూలి రేట్ల గురించి మాట్లాడాల్సిన చోట ధనిక దేశపు వినోదం గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఒక వృత్తి ఆధునిక కాలంలో పుట్టి, కొన్ని దశాబ్దాల్లోనే మగవాళ్ళ వృత్తిగా ఎట్లా స్థిరపడుతుందో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు మరొకటి దొరకలేదు. ఇక్కడ అడ్డం పెట్టుకోవడానికి శాస్త్రమూ లేదు, ఆచారమూ లేదు.

1967లో రే స్కాట్ అనే ఇన్సూరెన్స్ ఏజెంట్ ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ జలాశయంలో మొదటి పెద్ద పోటీ పెట్టాడు. మరుసటి సంవత్సరం బాస్ ఆంగ్లర్స్ స్పోర్ట్స్‌మన్ సొసైటీ ఏర్పడింది. పేరులోనే 'మన్' ఉంది చూడండి. 1971లో మొదటి బాస్‌మాస్టర్ క్లాసిక్ విజేతకు 10 వేల డాలర్లు ఇచ్చారు. ఈ మధ్య సంవత్సరాల్లో అది 3 లక్షల డాలర్లకు చేరింది.

రోజుకు ఐదు చేపల బరువు లెక్కలోకి వస్తుంది. చేప చచ్చిపోతే బరువులో కోత పెడతారు. తూచాక బతికున్నవాటిని నీళ్ళలో వదిలేస్తారు. నీళ్ళ వేడి, లోతు, గాలివాటం, చేప గుడ్లు పెట్టే కాలం, ఇవన్నీ తెలిసినవాళ్ళు గెలుస్తారు. చాలా చేపలు రెండు మూడు కిలోలు కూడా తూగవు. కాబట్టి ఆడవాళ్ళకు కండబలం చాలదనే పాత వాదన ఇక్కడ మొదటి అడుగులోనే పడిపోతుంది.

అయినా దాదాపు పాతికేళ్ళు ఈ పోటీల్లోకి ఆడవాళ్ళను రానివ్వలేదు. కారణమేం చెప్పారంటే, మోసాలు జరగకుండా ముక్కూమొహం తెలియని ఇద్దరిని చీటీ వేసి ఒకే పడవలో పంపేవాళ్ళు. పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్ళ మీదే ఉండాలి. మగవాడు, పరాయి ఆడది ఒకే పడవలో ఉంటే మరుగు సంగతేమిటి? ఈ మాట మనకెంత పరిచయమో చూడండి. ఫ్యాక్టరీలో, బస్సు డిపోలో, రాత్రి డ్యూటీ దగ్గర మనం వినే మాటే ఇది. మరుగుదొడ్డి కట్టడం యాజమాన్యం బాధ్యత కావాల్సింది పోయి, అది లేకపోవడం ఆడదాని అనర్హత అవుతుంది.

ఆడవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1976లో టెక్సస్‌లో షుగర్ ఫెర్రిస్ అనే ఆవిడ బాస్'న్ గాల్ పేరుతో స్త్రీల పోటీల సంస్థ పెట్టింది. క్రిస్ హ్యూస్టన్ అందులో ఏడుసార్లు సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఆమె భర్త జిమ్మీ హ్యూస్టన్ కూడా ఇదే వృత్తి, టీవీ కార్యక్రమంతో దేశమంతా తెలిసినవాడు. ఒకే ఇల్లు, ఒకే విద్య. కాని ఆయన వెళ్ళే పెద్ద పోటీ వాకిలి ఆమెకు మూసే ఉండేది.

ఆ వాకిలి 1991లో తెరుచుకుంది. నిర్వాహకుల మనసు మారడం వల్ల మాత్రం కాదు. బీవర్‌తో సహా అక్కడి పెద్ద జలాశయాలు చాలావాటిని కట్టింది, నడిపేది సైన్యానికి చెందిన ఇంజనీర్ల విభాగం. ప్రభుత్వ జలాశయంలో ఆడవాళ్ళను మినహాయించే పోటీకి అనుమతి కుదరదని ఆ విభాగం పట్టుబట్టింది. ఆ ఏడాదే వోజై రీడ్ ఆ పోటీల్లో దిగిన మొదటి స్త్రీ అయింది. ప్రజల డబ్బుతో ఆనకట్ట కట్టినప్పుడు ఆ నీళ్ళ మీద ఎవరికి హక్కు అనే ప్రశ్నను అక్కడ ఒక ఆఫీసు అడగాల్సి వచ్చింది. అడగగానే పడవలో మరుగు సమస్య ఎట్లాగో తీరిపోయింది కూడా!

అయితే తలుపు తీయడం వేరు, లోపల నిలబడగలగడం వేరు. ఈ వృత్తిలో జీతం లేదు. పెద్ద సిరీస్‌లో ఏడాదికి ప్రవేశ రుసుమే వేల డాలర్లలో ఉంటుంది. పడవ, దాన్ని లాగే ట్రక్కు, పెట్రోలు, బస ఖర్చు అన్నీ సొంతం. గెలిస్తేనే డబ్బు. మిగతాది గాలాలు, మోటార్లు అమ్మే కంపెనీలు ఇవ్వాలి. వాళ్ళకు కొనేది మగవాళ్ళే అని నమ్మకం, అందుకని చొక్కా మీద తమ పేరు వేసుకోవడానికీ మగవాడినే వెతుకుతారు. ఇక నెలల తరబడి ఇల్లు వదిలి తిరగడం సంగతి. మగవాడు వెళితే ఇల్లు, పిల్లలు, లెక్కాపత్రం భార్య చూసుకుంటుంది. ఆ శ్రమ ఏ తక్కెడలోనూ పడదు. ఆడది వెళితే ఆ పని ఎవరు చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

బాస్'న్ గాల్ 1998లో మూతపడింది. 2006లో బాస్‌మాస్టర్ సంస్థే స్త్రీలకోసం ప్రత్యేక టూర్ మొదలుపెట్టింది. అందులో సంవత్సరపు విజేతకు క్లాసిక్‌లో చోటు ఇచ్చారు. అట్లా 2009లో ఆస్ట్రేలియాకు చెందిన కిమ్ బెయిన్ మూర్ క్లాసిక్‌లో పాల్గొన్న మొదటి స్త్రీ అయింది. ప్రత్యేక పోటీ అంటే తక్కువ స్థాయి అని కొట్టిపారేసేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. రిజర్వేషన్ గురించి కూడా ఇదే మాట అంటారు కదా. 2010లో అలబామాలోని లే జలాశయంలో జార్జియాకు చెందిన పామ్ మార్టిన్ వెల్స్ చివరి రోజుకు మిగిలే పాతికమందిలో నిలిచి 22వ స్థానం తెచ్చుకుంది. ఆమెను అక్కడిదాకా తెచ్చిన స్త్రీల టూర్ మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు.

మన తీరంలో వేటకు మగవాళ్ళు వెళితే, ఎండబెట్టడం, గంప నెత్తిన పెట్టుకుని అమ్మడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. జలాశయాల దగ్గరి మత్స్యకార సహకార సంఘాల్లో పనిచేస్తున్న మిత్రులు ఇక్కడ ఉన్నారు. సభ్యత్వం ఎవరి పేరున ఉంటోందో, అడిగినప్పుడు ఏం కారణం చెబుతున్నారో ఇక వాళ్ళ నోట వినాలని ఉంది.