మిల్లు మూతపడినా బాకీ తీరదు

సకల స్తోత్రాలకూ అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు కురియుగాక.



నందికొట్కూరులో మనం జుమా నమాజుకు ఒకే సఫ్‌లో నిలబడతాం. ఆ సఫ్‌లో జీతమిచ్చేవారూ ఉన్నారు, జీతానికి పనిచేసేవారూ ఉన్నారు. మిల్లో, దుకాణమో మూతపడిననాడు ఈ ఇద్దరి మధ్య మిగిలే బాధ్యత ఏమిటో నేడు ఆలోచిద్దాం.

ఒకరిని పనిలో పెట్టుకోవడం ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతోనే సూరా మాయిదా ఆరంభమవుతుంది. కాగితం లేకున్నా, నోటిమాటతో కుదిరిన జీతమూ ఒప్పందమే.

1937లో నిజాం కాలంలో నెలకొన్న బోధన్ చక్కెర కర్మాగారాన్ని మనమెరుగుదుము. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ ప్రాంతాల యూనిట్లకూ లే ఆఫ్ ప్రకటించారు. జీతాల కోసం కార్మికులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. గేటుకు తాళం పడినంత మాత్రాన ఇంటి ఖర్చులు ఆగవు కదా!

లే ఆఫ్ అంటే ఉద్యోగం రద్దు కాదు. ఆ కాలంలో అర్హులైన కార్మికులకు మూలవేతనం, కరువు భత్యంలో సగం చెల్లించాలని చట్టం చెబుతోంది. పరిశ్రమను శాశ్వతంగా మూసివేస్తే, పనిచేసిన ప్రతి పూర్తి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. అయిదేళ్ల సర్వీసు నిండినవారికి గ్రాట్యుటీ వేరు. నష్టాలు వచ్చాయన్న ఒక్క కారణంతో ఆ పరిహారాన్ని తగ్గించరాదు. చిన్న దుకాణాలకు నిబంధనలు వేరు కావచ్చు. చేసిన పనికి జీతం మాత్రం ఎక్కడైనా బాకీయే.

మనిషి మరణిస్తే ముందుగా అప్పులు తీర్చి, ఆ తరువాతే వారసులు ఆస్తి పంచుకోవాలని సూరా నిసా బోధిస్తోంది. సంస్థ మరణించినా న్యాయం అదే. 2016 నాటి దివాలా చట్టం సైతం సంస్థ ఆస్తులు అమ్మినప్పుడు కార్మికుల 24 నెలల బకాయిలను తాకట్టు గల బ్యాంకులతో సమాన స్థానంలో నిలిపింది.

గుహలో చిక్కుకున్న ముగ్గురి హదీసును గుర్తుచేసుకుందాం. వారిలో ఒకడు, జీతం తీసుకోకుండా వెళ్లిపోయిన కూలీ సొమ్మును పెంచి పశుసంపదగా చేసి, అతడు తిరిగి వచ్చినప్పుడు మొత్తం అప్పగించాడు. ఆ సత్కార్యాన్ని ముందుంచుకొని దుఆ చేయగా అల్లాహ్ బండను తొలగించాడు. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగవేసినవానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసు తెలుపుతోంది.

యజమానులైన సోదరులారా! దుకాణం మూసే ముందు జీతాల లెక్క తేల్చండి. ఒకేసారి ఇవ్వలేకపోతే గడువు కోరి, కాగితంపై రాసివ్వండి. ముఖం చాటేయకండి.

కార్మిక సోదరులారా! నియామక పత్రం, జీతపు చీటీలు, పీఎఫ్ నంబరు భద్రపరచుకోండి. ఖాళీ కాగితంపై సంతకం చేయకండి. ఆలస్యం చేయక కార్మిక శాఖ అధికారిని ఆశ్రయించండి. హక్కు అడగడం సబ్ర్‌కు విరుద్ధం కాదు. రావలసిన దానికన్నా ఎక్కువ చెప్పడం మాత్రం అన్యాయమే.

ఓ అల్లాహ్! ఒకరి చెమటకు బాకీపడిన స్థితిలో మమ్మల్ని నీ సన్నిధికి పిలువకు. ఉపాధి కోల్పోయినవారికి హలాల్ ఉపాధిని ప్రసాదించు. ఆమీన్.