తండ్రిగారి చేతిగడియారము



పాతవస్తువును క్రొత్తదిగా చేయింపవలెనా, ఉన్నదున్నట్లు దాచుకొనవలెనా యను ప్రశ్న గడచిన యేట మా యింట పుట్టినది. ఆ వస్తువు మా తండ్రిగారి చేతిగడియారము. మీ యిండ్లలోను పెట్టె యడుగున నిట్టిది యొకటి పడియుండవచ్చునని తలంచి ఆ ముచ్చట విన్నవించుచున్నాను.

అది హెచ్.ఎమ్.టి. వారి 'జనత'. 1961లో జపాను దేశపు సిటిజెన్ సంస్థ తోడ్పాటుతో బెంగుళూరున మన ప్రభుత్వమువారి కర్మాగారమున మొదలైన జాతి. దినమున కొకమారు కీ యిచ్చిన నడచును, బ్యాటరీతో పనిలేదు. లోపల 17 కెంపురాళ్లు కలవు. కెంపులనగానే ఆశపడవలదు. అవి కృత్రిమముగా చేసినవి. ఇరుసుల రాపిడి తగ్గుటకై పొదిగినవి. అంగడిలో వానికి వెల లేదు. చుట్టుకొనియున్న ఉక్కుపట్టీ విప్పుకొనుచుండగా దాని బలము పండ్లచక్రముల మీదుగా పోయి యొక చిన్న చక్రము నిటునటు ఊపును. సెకనుకు ఐదుమారులు విను టిక్కుమను చప్పుడు దానివలననే.

మా తండ్రిగారు దానిని 1969లో కొని, 2005లో పరమపదించువరకు ధరించిరి. ప్రాతఃస్నానము, విభూతి, పిదప గడియారమునకు కీ. ఈ క్రమము తప్పి యెరుగరు. వారి యనంతరము అది మా తల్లిగారి పెట్టెలో పట్టుచీర మడతలో నుండెను. నిరుడు తీసి చూడగా పలక యంచులు గోధుమవన్నె కెక్కినవి. పై యద్దము చిట్లినది. కీ త్రిప్పగా రెండు నిమిషములు నడచి నిలిచిపోయినది.

పలక క్రొత్తగా రంగు వేయించి, డొప్పకు మెరుగు పెట్టించి, మనుమని యుపనయనమున వాని చేతికి కట్టుదమని మా తమ్ముడు పట్టుబట్టెను. ముట్టనే వలదని నేనంటిని. తాళపత్రము మాసినచో నిమ్మగడ్డినూనె పూసి, మసి యద్ది అక్షరములు తేర్చుదుమే కాని, గంటముతో మరల గీయుదుమా యని నా వాదము. అట్లైన దేవాలయములకు జీర్ణోద్ధారణ మేల యని వాడడిగెను. తక్షణమే బదులు తోచలేదు. జీర్ణోద్ధారణము పేర శిల్పములకు సున్నము పట్టించి ముక్కు కన్నులు పూడ్చిన గుడులను చూచియుంటినని తరువాత గుర్తు వచ్చినది. వాదమున తరువాత వచ్చిన మాటకు విలువ యేమున్నది?

తుదకు పట్టణమున నొక వృద్ధ గడియారపు పనివానియొద్దకు పోయితిమి. ఆయన మా యిరువురి వాదములను కొట్టివైచెను. ముట్టవలదన్న నాకు చెప్పినదేమనగా: లోపలి నూనె కొన్ని యేండ్లకు ఎండి జిగురగును. దానిలో ధూళి కలసిన ఇరుసులను ఆకురాయివలె కోయును. కాబట్టి శుభ్రము చేయింపక ఊరక కీ యిచ్చి ఆడించుట దానిని చంపుటయే. తమ్మునికి చెప్పినది వేరు. పలకకు క్రొత్తరంగు వేయవలెనన్న పాత వ్రాతను తుడిచివేయవలయును. తుడిచినది మరల రాదు. డొప్ప పూత వేసిన లోహమైనచో మెరుగు పెట్టగా పూత లేచిపోయి అడుగు లోహము బయటపడును. పైగా హెచ్.ఎమ్.టి. వారి గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో ప్రభుత్వము నిర్ణయించినది. క్రొత్త భాగములు చేయువారు లేరు. నడువని గడియారముల నుండి తీసినవే దిక్కు.

ఇందు మరియొక మాట. అంతకు పూర్వపు గడియారములలో చీకటిలో వెలుగుటకు రేడియము కలిపిన రంగు పూయువారు. ఇప్పుడు వెలుగకున్నను రేడియము పోలేదు. అది సగము తరుగుటకే 1600 ఏండ్లు పట్టును. అట్టి పలకను మీరుగా విప్పి గీకవలదు.

ఇల్లు చేరి గడియారమును మా తల్లిగారి చేతిలో నుంచితిని. ఆమెకు చూపు మందగించినది. బొటనవ్రేలితో అంచు తడిమి, ఒకచోట నిలిపి, "బావి గట్టుకు కొట్టుకున్న నొక్కు ఇదే" అనెను. ఆ నొక్కు ఏనాటిదో నాకును తెలియదు. పిదప చెవికి చేర్చుకొనెను. "ఆడటం లేదేమిరా? మీ నాన్న దీన్ని ఒక్కపూటైనా ఆగనిచ్చారా?" అని యడిగెను.

నేను భద్రపరుప దలచినది నిలిచిపోయిన గడియారమును. మా తండ్రిగారు ధరించినది ఆడుచున్న గడియారమును. మెరుగు పెట్టించినచో మా తల్లిగారి వ్రేలికి ఆ నొక్కు దొరకదు. ఈ రెండును ఆ క్షణమున తెలిసినవి.

మరునాడే పని యొప్పగించితిమి. మరలన్నియు విప్పి కడిగించి నూనె వేయించితిమి. తేమ చొచ్చునని చిట్లిన యద్దమును, అరిగిన కీ బొడిపెను మార్పించితిమి. పలకను, డొప్పను ముట్టనీయలేదు. తీసిన పాత భాగములను పొట్లము కట్టించి, ఏది మార్చెనో చీటిపై వ్రాయించి పుచ్చుకొంటిని. తోలుపట్టీ మాత్రము ఎలుకలు కొరికినది. దానిని విసర్జించుటలో నాకు విచారము లేదు.

ఇప్పుడు దినమునకు రెండు నిమిషములు వెనుకబడుచున్నది. ప్రతి యుదయము రేడియో గంటతో సరిచేసి, కీ యిచ్చి, మా తల్లిగారి చెవిచెంత నుంచుచున్నాను. తమ్ముడు మాత్రము, మాసిన పలకతో వటువునకు గడియార మెట్లు కట్టుదుమని యింకను గొణుగుచునే యున్నాడు. ఉపనయనము మాఘమాసమున.